బుల్లెట్ వెనక సీటు

ఆదివారం పొద్దున విమలమ్మ హాల్లో చాప మీద కూర్చుని చింతచిగురు ఏరుతోంది. ఎండలు మొదలైతే ఆ ఇంట్లో వారానికోసారి చింతచిగురు పప్పు ఉండాల్సిందే. కోడలు అనురాధ ఎదురుగా కూర్చుని పుల్లలు తీసేస్తోంది. కొడుకు శ్యామ్‌సుందర్ కిటికీ పక్కన పేపరు తిరగేస్తున్నాడు. నాంపల్లి స్టేషనుకు పరుగెత్తే ఆటోల హారన్లు ఆ రెండో అంతస్తు దాకా వినిపిస్తున్నాయి.

"అనురాధా, ఒక మాట అడుగుత. నిజం చెప్తవా?" తలెత్తకుండానే అంది విమలమ్మ.

"అడుగున్రి అత్తమ్మా."

"నా కొడుకు బుల్లెట్ ఎవలు నడుపుతున్నరు?"

కిటికీ దగ్గర పేపరు చప్పుడు ఆగిపోయింది.

"నిన్న గుడికాడ మన గల్లీ కొండమ్మ చెప్పింది. తెల్లారకముందే పబ్లిక్ గార్డెన్ దిక్కు నువ్వు బండి తోలుతున్నవంట. నా కొడుకు ఎన్క కూసున్నడంట. అబద్ధమని దానితోని కొట్లాడి వచ్చిన."

"అబద్ధం గాదు అత్తమ్మా. నేనే నడుపుతున్న," అంది అనురాధ. ఏదో ఒకరోజు చెప్పాల్సిందే. ఇవాళే చెప్పేస్తే పోతుందనుకుంది. "మే నెలల మా బడికి సెలవులు గదా. బండిని ఢిల్లీ దాకా రైల్ల ఏసుకొని పోయి, ఆడికెంచి ఇద్దరం షిమ్లా, స్పితి కొండలల్ల తిరిగి రావాలనుకుంటున్నం. టికెట్లు గూడ తీసుకున్నం."

విమలమ్మ చేతిలోని చిగురు గంపలో పడేసి లేచింది.

"పెండ్లాం ముంగట, మొగడు ఎన్క! గట్ల కొండలెక్కుతరా? శ్యామూ, నువ్వేం మాట్లాడవేందిరా?"

శ్యామ్‌సుందర్ పేపరు మడతపెట్టి, లోపలికి వెళ్లిపోయాడు. అతని కుడికాలు నేల మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు, అతను గది చేరేదాకా అనురాధకు వినిపించింది.

నిజానికి ఆ కొండలు అతని కలే. పెళ్లయిన కొత్తలో ఆబిడ్స్‌లోని కళ్లద్దాల షాపు మూసి ఇంటికొచ్చాక, అట్లాసు ముందేసుకుని ఏ లోయలోంచి ఏ లోయకు దారి ఉందో వేలితో గీసి చూపించేవాడు. పిల్లవాడు పుట్టాడు, షాపు పెరిగింది, ప్రతి వేసవీ ఏదో ఒకటి అడ్డం పడింది. రెండేళ్ల కింద ఒక వాన సాయంత్రం బుల్లెట్ మీద వస్తుంటే, వెనక నుంచి వచ్చిన లారీ అతన్ని రోడ్డు మీద పడేసింది. కాలు దక్కింది గానీ చీలమండ వంగడం మానేసింది. బుల్లెట్‌కు వెనక బ్రేకు కుడికాలి కిందే ఉంటుంది.

బండి అమ్మేస్తానన్న రోజు అనురాధ తాళంచెవి తీసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. "అమ్ముడు లేదు. నాకు నేర్పున్రి," అంది. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. స్టాండు తియ్యడానికే వారం పట్టింది. బడి మైదానంలో రెండుసార్లు పడి మోచేతులు చెక్కుకుపోయాయి. లెక్కల టీచరైన ఆమె బోర్డు మీద రాయడానికి చెయ్యి ఎత్తలేకపోతుంటే పిల్లలు ఏమైందని అడిగారు. ఆమె చెప్పలేదు. చివరకు లైసెన్సు వచ్చింది. అప్పటినుంచి రోజూ తెల్లవారకముందే ఇద్దరూ బయల్దేరుతున్నారు.

ఒక్కటే ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. తిరిగి వచ్చేటప్పుడు గల్లీ మొదట్లోనే అతను దిగిపోయేవాడు. "జర కాలు సాగాలె, నడుస్త," అనేవాడు. కాలు కోసం కాదని ఆమెకు తెలుసు.

మధ్యాహ్నానికల్లా సంగతి కొడుకు ఆకాష్‌కు తెలిసింది. బ్యాంకులో పనిచేస్తున్నాడు. సంబంధాలు చూస్తున్నారు. అతను అరవలేదు. "మమ్మీ, డాడీకి ఏమన్న అయితే నేను నిన్ను ఎప్పటికీ మాఫ్ చెయ్య," అని మాత్రం అన్నాడు.

గురువారం సాయంత్రం అనురాధ బడి నుంచి వచ్చేసరికి మెట్ల కింద బండి లేదు. దాని మీది కవరు మాత్రం మడతపెట్టి ఉంది.

పైన హాల్లో ముగ్గురూ కూర్చుని ఉన్నారు.

"బండేది ఆకాష్?"

"హిమాయత్‌నగర్‌ల నా దోస్తు సుశాంత్ వాళ్లింట్ల పెట్టిన. సెలవులయ్యేదాంక ఆడనే ఉంటది. రైలు టికెట్లు క్యాన్సిల్ చేయున్రి."

"ఎవర్ని అడిగి తీసుకపోయినవ్?"

"నానమ్మ తాళంచెవి ఇచ్చింది."

విమలమ్మ ముఖం తిప్పుకుంది. "ఔ, ఇచ్చిన. పొద్దుగాల నీ బ్యాగులకెంచి నేనే తీసిన. రేపు ఆకాష్‌కు పిల్లనిచ్చేటోళ్లు ఏమనుకుంటరు? మొగోన్ని ఎన్క మూటలెక్క కట్టుకొని తిరిగే ఇల్లు అనుకోరా?"

అనురాధ భుజానికున్న బ్యాగు దించి టేబుల్ మీద పెట్టింది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఆమె గొంతు పెరిగింది లేదు. ఇప్పుడూ పెరగలేదు. కానీ వణకలేదు కూడా.

"అనుకోనియ్యున్రి. కాలు పోయినోన్ని ఇంట్ల మూలకు కూసోబెట్టిన్రంటే మర్యాద, బయటికి తీసుకపోతే ఇజ్జత్ పాయెనా? గసొంటి ఇంటికెంచి వచ్చే పిల్ల నాకొద్దు అత్తమ్మా. ఆకాష్, నువ్వు బండి దాచినవ్. మంచిగుంది. రేపు నేను కిరాయికి ఇంకో బండి తీసుకుంట. అది గూడ దాస్తవా?"

"మమ్మీ, గది కొండ. ఆబిడ్స్ రోడ్డు కాదు!"

"తెలుసు. అందుకే నేర్చుకున్న." ఆమె భర్త వైపు తిరిగింది. "వీళ్లతోని నాకు కొట్లాట లేదండి. మీతోని ఉంది. గల్లీ మొదట్ల రోజూ ఎందుకు దిగుతరో నాకు తెల్వదా? మీకు గూడ నా ఎన్క కూసునుడు సిగ్గయితే ఇప్పుడే చెప్పున్రి. నేనొక్కదాన్నే పోత. మీరు వేలుతోని చూపించిన లోయలన్నీ చూసొచ్చి మీకు చెప్త."

శ్యామ్‌సుందర్ చాలాసేపు తన కాలి వైపే చూశాడు. తర్వాత గోడ పట్టుకుని లేచి, బూట్లు తెచ్చుకుని స్టూలు మీద కూర్చున్నాడు. కుడి బూటు వేసుకోవడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు సాయం పట్టాలి. ఆకాష్ ముందుకు రాబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"సుశాంత్‌కు ఫోన్ చేసి గేటు తియ్యమని చెప్పు," అన్నాడు కొడుకుతో. "అనూ, ఆటో పిలువు."

తిరిగొచ్చేసరికి దీపాలు వెలుగుతున్నాయి. బషీర్‌బాగ్ దాటి ఆబిడ్స్ చేరేసరికి రోడ్డంతా బస్సులు, ఆటోలు, బట్టల షాపుల ముందు జనం. ఇంత రద్దీలో అనురాధ ఎప్పుడూ నడపలేదు. తన కళ్లద్దాల షాపు ముందుకు రాగానే శ్యామ్‌సుందర్ ఆమె భుజం తట్టాడు.

"జర ఆపు."

దిగిపోతాడేమో అనుకుంది. అతను దిగలేదు. సీటు మీది నుంచే పనివాళ్లకు షట్టరు వెయ్యమని చెప్పాడు. పక్కనే గడియారాల షాపు రాజనర్సు బయటికొచ్చి నోరు తెరిచాడు.

"ఏందన్నా శ్యామన్నా, గిట్ల?"

"నా కాలుకు బ్రేకు అందదు రాజనర్సూ. ఆమె కాలుకు అందుతది. ఇంకేం గావాలె?"

రాజనర్సు ఏదో అనబోయి, తల గోక్కుని, నవ్వేశాడు. అనురాధ ముందుకే చూస్తూ గేరు వేసింది. హెల్మెట్ లోపల కళ్లు మసకబారితే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

గల్లీ మొదలు వచ్చింది, దాటిపోయింది. అతను ఆమె నడుము పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఇంటి ముందు విమలమ్మ నిలబడి ఉంది. బండి ఆగీ ఆగకముందే వచ్చి కొడుకు ముఖం, చేతులు, కాళ్లు తడిమి చూసింది. తర్వాత మెట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"గీ బండి చప్పుడింటె నాకు దవాఖాననే గుర్తొస్తది. రక్తంతోని తడిసిన వీని అంగి నా చేతులల్ల పెట్టిన్రు. లోకం ఏమనుకుంటదో అన్న గని, లోకం ఫికరు గాదు బిడ్డా నాది."

అనురాధ హెల్మెట్ తీసి అత్తగారి పక్కన మెట్టు మీద కూర్చుంది. ఆ రోజు దవాఖాన వరండాలో ఇద్దరూ ఇలాగే ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. అప్పటి నుంచీ ఇద్దరూ ఒకే భయాన్ని మోస్తున్నారు. ఆ సంగతి ఒకరితో ఒకరు ఎన్నడూ అనుకోలేదంతే.

"నాకూ భయమే అత్తమ్మా. బండి ఎక్కిన ప్రతిసారి భయమే. గని భయపడి ఆయన్ని కిటికీ కాడ కూసోబెడితే, గా లారీ గెలిచినట్టే గదా?"

ఆకాష్ మెట్లు దిగి వచ్చాడు. తల్లి కళ్లలోకి చూడలేక బండి అద్దాన్ని తుడుస్తూ నిలబడ్డాడు.

"రైల్వే పార్సెల్ ఆఫీసుకు నేను గూడ వస్త మమ్మీ," అన్నాడు గొణుగుతున్నట్టు. "పెట్రోలు తీసి, గోనెసంచులు చుట్టి ఇయ్యాలంట. నువ్వొక్కదానివే ఎట్ల చేస్తవ్?"

అనురాధ అతని తల మీద చెయ్యి వేసింది. "మళ్ల నా బండి ముట్టుకున్నవంటే చూడు," అంది.

విమలమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. కొంగు బిగించి బొడ్లో దోపింది.

"ఏంది చూస్తున్నరు? నన్ను బండి ఎక్కియ్యున్రి. అనురాధా, నా కొడుకును ఎట్ల తీసుకపోతవో నేను చూడాలె."

"చూడున్రి. గని ముందే చెప్తున్న అత్తమ్మా, మీరు చూసి వద్దన్నా మేం పోవుడు పోవుడే."

"నిన్ను వద్దన్ననా ఇప్పుడు? బండి తియ్యి."

శ్యామ్‌సుందర్ తన హెల్మెట్ తల్లికి పెట్టి పట్టీ బిగించాడు. ఆకాష్ ఎత్తి సీటు మీద కూర్చోబెట్టాడు. డెబ్భై ఏళ్ల విమలమ్మ ఒక పక్కకు కాళ్లు వేలాడేసి, కోడలి నడుమును రెండు చేతులా చుట్టి కళ్లు మూసుకుంది. బండి గల్లీ దాటింది. ప్రతి గుంతకూ ఆమె చేతులు బిగుసుకోవడం, దేవుడి పేరు గొణుక్కోవడం అనురాధకు తెలుస్తూనే ఉన్నాయి. ఎక్కడా తొందరపడలేదు. బస్సు వస్తే దారిచ్చింది, సిగ్నలు పడితే ముందుగానే ఆగింది.

ఆబిడ్స్ పోస్టాఫీసు దగ్గరికి వచ్చేసరికి నడుము చుట్టూ పట్టు కొద్దిగా సడలింది. అత్తమ్మ కళ్లు తెరిచిందని అర్థమైంది.

"మలుపుతున్న అత్తమ్మా. ఇంటికి పోదాం."

వెనక నుంచి విమలమ్మ గడ్డం ఆమె భుజానికి ఆనింది.

"గప్పుడే మలుపకు బిడ్డా. జర కోఠీ దాంక పోనీ."