వరండా అంతటికీ తెలిసిన రహస్యం

"టార్గెట్ శత్రువుల ముఠా మనిషి. ఎవరో తెలీదు. రేపు పోస్ట్‌డాక్ ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లలో ఒకరు," అన్నాడు చీఫ్. "సెలెక్టయిన మనిషికి ల్యాబ్ కార్డు అక్కడికక్కడే ఇస్తారు. లోపలున్నది మన రాడార్ డిజైన్. ఆ కార్డు తలుపుకి తగిలిందా, మన పని గోవిందా!"

ఏ సందులోనైనా దూరిపోతాడని డిపార్ట్‌మెంట్ ఆ ఏజెంటుకి నల్లి అని పేరు పెట్టింది. మర్నాడు నలిగిన చొక్కా, చెవిలో మైకు, జేబులో పెన్నులాంటి జామరుతో టెక్నికల్ యూనివర్సిటీ వరండాలో దిగాడు. మారువేషం పెద్ద కష్టం కాలేదు. ఒకప్పుడు పీహెచ్‌డీ పట్టా పట్టుకుని ఇలాంటి వరండాల్లోనే చెప్పులరిగేలా తిరిగినవాడు.

పక్క కుర్చీలో కళ్లద్దాలావిడ సూత్రాలు వల్లె వేస్తోంది. ఈ రోజుల్లో ఇంత శ్రద్ధా? నల్లికి అనుమానం వచ్చింది.

"అంతలా చదువుతున్నారు, పోస్టు మీదేనా అండీ?"

"నాదైతే చదవడం ఎందుకండీ?" ఆవిడ నవ్వింది. "వయసు దాటిపోతోంది, నాకిదే ఆఖరిది. చదవకుండా వచ్చానని రేపు నన్ను నేనే తిట్టుకోకూడదు కదా."

"మరి ఎవరిదంటారు?"

"కొత్తా మీరు? ప్రకటన చూళ్లేదా? రాడార్లో పీహెచ్‌డీ, మూడు విదేశీ భాషలు, పైగా పడవ నడిపిన అనుభవం! ల్యాబులో పడవెక్కడ నడుపుతారు? ఒకరి కొలతలకి కుట్టిన చొక్కా అది. అదుగో, వేసుకోడానికి వస్తోంది."

వరండా అంతా ఒక్కసారే అటు తిరిగింది. ఎర్ర పట్టు జాకెట్టు, నల్ల కళ్లద్దాలు, చేతిలో ఫైలైనా లేదు. నల్లి ఆమెని గుర్తుపట్టాడు. ఆమె తన డిపార్ట్‌మెంట్ మనిషే! శత్రువుల ముఠాలో వాళ్ల మనిషిలా నటిస్తూ చేరి, వాళ్ల గుట్టు మనకి చేరేస్తున్న ఏజెంట్ పట్టుపురుగు.

"చీఫ్, మన పట్టుపురుగు ఇక్కడుంది," మైకులో గొణిగాడు.

"అదెందుకుంది? మేం పంపలేదే!"

అప్పటికే ఆమె లోపలికెళ్లడం, ఇంటర్వ్యూ చేసే ప్రొఫెసర్ చేతిమీదుగా కార్డందుకుని బయటికి రావడం అయిపోయాయి. నల్లి పరిగెత్తాడు. కార్డు ల్యాబ్ తలుపుకి తాకబోతుండగా పెన్ను నొక్కాడు. పచ్చదీపం వెలగబోయి చచ్చింది.

"ముఠావాళ్లు పర్మనెంట్ పోస్టిస్తామన్నారు నల్లీ," చేతులు ముందుకి చాపుతూ అందామె. "మనవాళ్లు నన్ను ఇన్నేళ్లూ కాంట్రాక్టు మీదే చంపారు."

నల్లి బేడీలు వేశాడు. తనదీ కాంట్రాక్టే.

ముఠాకి అమ్ముడుపోయిన ప్రొఫెసర్ కూడా జైలుకెళ్లాడు.

"సార్, ఆ కళ్లద్దాలావిడకి ఇవ్వొచ్చు కదా పోస్టు?" చీఫ్‌ని అడిగాడు నల్లి.

"అది మన పని కాదయ్యా."

ఇంటర్వ్యూలు రద్దు. మళ్లీ ప్రకటన పడేసరికి ఆవిడకి వయసు దాటిపోయింది. ఈసారి పడవ తీసేసి, గుర్రపుస్వారీ పెట్టారు. ల్యాబ్‌కి వచ్చిన కొత్త డైరెక్టరుగారి బావమరిదికి రెండు గుర్రాలున్నాయని వరండాలో అందరికీ తెలుసు.

చీఫ్ ఫోన్ చేశాడు. "ఏమోయ్, ఈ కొత్త ప్రకటనలో విదేశీ హస్తమేమైనా ఉందా?"

"లేద్సార్," అన్నాడు నల్లి. "పూర్తిగా స్వదేశీ."