పైడమ్మతో మాట్లాడకూడదు

బుధవారం పొద్దున ఆ ఇంట్లో టీవీ పెట్టరు. డిగ్రీ చదువుతున్న సాయిప్రియ వంటగది గుమ్మంలో కూర్చుని పేపర్లలోని జిల్లా పేజీలు పైకి చదువుతుంది. తల్లి కుసుమ ఉప్మా కలుపుతూ వింటుంది. ఏలూరులో వచ్చే ఒక చిన్న వారపత్రికకి కుసుమ వారం వారం ఒక పేజీ రాస్తుంది. ఊళ్ల రాజకీయాలు, ఆటలు, కొత్త పుస్తకాలు, మూడూ అందులోనే. కథల సైటుకి రాసే సీరియల్ వేరే ఉంది. పైగా పాత పేజీల్లో మంచివి ఏరి తాడేపల్లిగూడెంలో పుస్తకం వేయిస్తోంది. ఇంత పనిలో లోకం ఎంత దూరం వెళ్లిందో చూసుకుని అందుకోవడానికి ఆమెకి దొరికేది ఈ ఒక్క పూటే.

"పంచాయతీ ఎన్నికలు ఇంకా ప్రకటించలేదు గానీ, కొన్ని ఊళ్లలో అప్పుడే భోజనాలు పెట్టేస్తున్నారంట," అంది సాయిప్రియ.

"ఎవరు పెడుతున్నారో రాశారా?"

"ఒక నాయకుడు అని రాశారు."

"పెట్టినాయనకి పేరు లేదు, తిన్నవాళ్లకి ఊరు లేదు. ఆటలు చదువు."

"పెదపాడు కబడ్డీలో మనమ్మాయిలు ఫైనల్‌కి వెళ్లారు. ఫొటోలో కెప్టెన్ మొహం మీద పక్కమ్మాయి మోచెయ్యి ఉంది."

"పాపం. పేరైనా సరిగ్గా వేద్దాం, కనుక్కో. పుస్తకాలు?"

"కొత్తవేం లేవు. నీదే ఉంది, త్వరలో అని."

ఇంకో బుధవారమైతే ఈపాటికి కుసుమ భర్త వెంకట్రాజు ఏదో ఒకటి అనేవాడు. అతనికి చేపల మేత దుకాణం ఉంది. కుసుమ రాతల్ని కూడా సరుకు కిందే చూసేవాడు. ఇంత సరుకు పంపుతున్నావు, తిరిగొచ్చేది ఏమిటని నవ్వేవాడు. ఈరోజు తలెత్తకుండా ఉప్మా తిన్నాడు. నెలరోజులుగా అంతే, నోరు విప్పితే దెప్పడానికే.

నెల క్రితం కుసుమ తన పేజీలో కొల్లేటి కాలువ గురించి రాసింది. ఒక పెద్దమనిషి చెరువు గట్టు కాస్త కాస్త జరిగి పాత కాలువని ఎలా మింగిందో రాసింది. ఊరి పేరు వేయలేదు, మనిషి పేరు వేయలేదు. కానీ ఒక మాట రాసింది. తెల్లవారుజామున ఒక ముసలావిడ చేపల కోసం పెట్టిన వెదురు మావు ఎత్తడానికి వెళ్తే, మావు ఎండిన బురదలో కూర్చుని ఉందని. వెంకట్రాజు సొంతూరు కొల్లేటికోటలో ఆ కాలువలో ఇంకా మావు పెట్టే మనిషి ఒక్కతే. వెంకట్రాజు తల్లి పైడమ్మ.

గట్టు జరిపినవాడు దుర్గారాజు. పైడమ్మకి పినతండ్రి కొడుకు, వెంకట్రాజుకి మావయ్య వరస. ఈసారి సర్పంచిగా నిలబడదామని చూస్తున్నాడు. వెంకట్రాజు దుకాణంలో మేత ఎక్కువగా వెళ్లేది కూడా అతని చెరువులకే. పత్రిక ఊరు చేరిన మర్నాడే పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. పైడమ్మతో ఎవరూ మాట్లాడకూడదని.

సాయిప్రియ పేపర్లు మడుస్తుండగా కుసుమ ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టింది. తాడేపల్లిగూడెం ప్రెస్ నుంచి వరదానం.

"అమ్మా, సారు చెప్పినట్టే ఆ కాలువ వ్యాసం తీసేశానండి. అక్కడ నాలుగు పేజీలు ఖాళీ వచ్చింది. వేరేది ఏదైనా పంపుతారా?"

కుసుమ గరిటె పక్కన పెట్టింది. "ఏ సారు, వరదానంగారూ?"

"మీవారేనండి. మొన్న ఫోన్ చేశారు. మీకు తెలుసనుకున్నాను."

"సాయంత్రం చెబుతానండి," అని పెట్టేసింది. వెంకట్రాజు చెయ్యి కడుక్కుని వచ్చి కండువాతో తుడుచుకుంటున్నాడు.

"నన్నొక మాట అడగొచ్చుగా," అంది కుసుమ.

"అడిగితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోకపోతే మానేస్తారా?"

"చూడు కుసుమా. రాసేదాకా నీ ఇష్టం. దాని బాకీ తీరుస్తున్నది మా అమ్మ. మాట్లాడే దిక్కు లేక ముసలావిడ గోడలతో మాట్లాడుకుంటోంది. పేపర్లో వచ్చిందేదో వచ్చింది. మళ్లీ దాన్ని పుస్తకంలో వేసి పదికాలాలు నిలబెట్టాలా?"

"నాన్నా, కాలువ పూడ్చింది అమ్మ కాదు కదా," అంది సాయిప్రియ.

"నువ్వు కాలేజీకి తయారవ్వు. మీ నాయనమ్మ ఫోన్లో ఏదో బాధ చెప్పుకుంటే పట్టుకెళ్లి అచ్చేసింది మీ అమ్మ. ఇంట్లో మాట అంగడిలో పెట్టడానికి సిగ్గుండాలి."

కుసుమ మొహం పాలిపోయింది. ఏదో అనబోయి ఆగిపోయింది. ఈ నెలలో ఆమె అలా ఆగిపోవడం అతను చాలాసార్లు చూశాడు. తప్పు తెలుసు కాబట్టే జవాబు లేదనుకున్నాడు.

"తీసెయ్యాలో ఉంచాలో అత్తయ్యగారిని అడగండి. ఆవిడ తీసెయ్యమంటే తీసేద్దాం," అంది చివరికి.

"అమ్మని అడిగేదేంటి? నేను వెళ్లి తీసుకొచ్చేస్తాను. ఆ ఊరూ వద్దు, ఆ మౌనమూ వద్దు."

"తీసుకురండి. వస్తే నాకు సంతోషం. కానీ అడగండి."

వెంకట్రాజు దుకాణం గుమస్తాకి అప్పగించి బండి తీశాడు. కైకలూరు దాటాక రోడ్డుకి రెండు వైపులా చెరువులే. దారి పొడవునా అతను లెక్క వేసుకుంటూనే ఉన్నాడు. అమ్మ ఏలూరు వచ్చేస్తే ఊళ్లో మాటకి అర్థం ఉండదు. పుస్తకంలో ఆ వ్యాసం లేకపోతే మావయ్యకి కోపం ఉండదు. దుకాణం నడుస్తుంది. కుసుమ కొన్నాళ్లు ముభావంగా ఉంటుంది, తర్వాత మామూలే. ఎటు కూడినా లెక్క సరిపోయింది.

ఊరి మొదట్లో కొట్టు దగ్గర తల్లి కనిపించింది. పైడమ్మ రెండు చేతులూ కొంగులో పెట్టుకుని నిలబడి ఉంది. కొట్టు నడిపే నిర్మల ఆమెతో కలిసి పెరిగిన మనిషి. పప్పు పొట్లం, నూనె ప్యాకెట్టు అరుగు మీద పెట్టి లోపలికి తిరిగిపోయింది. ఏం కావాలని అడగలేదు, ఇంకేమైనా కావాలా అనలేదు. పైడమ్మ డబ్బులు అరుగు మీద పెట్టి సరుకు తీసుకుంది. పక్కనే కబడ్డీ ఫైనల్ గురించి వాదించుకుంటున్న నలుగురు మగవాళ్లు ఆమె నడిచి వెళ్లేదాకా నోళ్లు మూసుకుని, దాటగానే మళ్లీ అందుకున్నారు.

వినడం వేరు, చూడడం వేరు అయింది వెంకట్రాజుకి. బండి ఆపి తల్లి చేతిలో సంచి అందుకున్నాడు.

ఇంటికెళ్లాక పైడమ్మ మజ్జిగ కలిపి ఇచ్చింది. "కుసుమ ఎట్టా ఉంది? పుస్తకం ఎందాకా వచ్చింది?" అని అడిగింది.

"పుస్తకం సంగతి వదిలెయ్. బట్టలు సర్దుకో అమ్మా, ఏలూరు వెళ్దాం. ఆ వ్యాసం కూడా పుస్తకంలోంచి తీయించేశాను. ఇంక నీకు ఏ ఇబ్బందీ ఉండదు."

పైడమ్మ గ్లాసు కింద పెట్టింది. "నేనెక్కడికీ రాను. ఆ వ్యాసం ఎవరు తీయమన్నారు?"

"నేనే."

"నన్నడిగావా?"

పొద్దున ఇంకో గొంతు అడిగిన మాటే. అతనికి చిరాకేసింది. "నిన్నేం అడుగుతానమ్మా? నువ్వేదో ఫోన్లో అంటే అది పట్టుకుని రాసేసింది."

"నేనేదో అనలేదురా. రాయమని చెప్పాను."

"నువ్వా?" అన్నాడు వెంకట్రాజు.

"ఆ మావు సంగతి రాస్తే నన్ను పోల్చేస్తారని తనే భయపడింది. ఆ మాట తీసేస్తానత్తయ్యా అని రెండుసార్లు అడిగింది. నేనే ఉంచమన్నాను. అది లేకపోతే ఎవరి మాటది? ఊరూ పేరూ లేని మాటని దుర్గారాజు ఖాతరు చేస్తాడా?"

"మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదేం? మీ ఇద్దరూ?"

"నీకు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను." పైడమ్మ కొడుకు మొహంలోకి చూసింది. "నీకు చెబితే ఏం చేసేవాడివో చెప్పనా? ముందు దుర్గారాజుకి ఫోన్ చేసేవాడివి. అమ్మ పెద్దదైపోయింది మావయ్యా, ఏదో అంటుంది, నువ్వు మనసులో పెట్టుకోకు అనేవాడివి. అవునా, కాదా?"

నెల క్రితం పత్రిక వచ్చిన రోజున అతను దుర్గారాజుకి ఫోన్ చేసి దాదాపు ఆ మాటలే అన్నాడు. తల్లి బదులు పెళ్లాం అన్నాడు, అంతే తేడా.

బయట బుల్లెట్ ఆగిన చప్పుడైంది. దుర్గారాజు గుమ్మం తొక్కకుండా రోడ్డు మీదే నిలబడ్డాడు. పైడమ్మ వైపు చూపు పోనివ్వకుండా పిలిచాడు.

"ఏం అల్లుడూ, అమ్మని తీసుకెళ్తున్నావంట. మంచి పని. ఆ పుస్తకంలో కూడా తీయించావని విన్నాను."

"ఎవరు చెప్పారు మావయ్యా?"

"ఎదురింటివాళ్లు విని ఫోన్ చేశారు. ఊళ్లో తెలీనిదేముంటుందిలే. ఇంకొక్క చిన్న పని. మీ ఆవిడ చేత రెండు లైన్లు రాయించు, పొరపాటున రాశానని. పెద్దలతో నేను మాట్లాడతాను. ఈ కట్టుబాటు పోతుంది. కొత్త చెరువుకి మేత కూడా నీ దగ్గరే."

బేరం బాగానే ఉంది. ఏ రోజైనా వెంకట్రాజు కళ్లు మూసుకుని ఒప్పుకునే బేరమే. తల్లి గుమ్మం పక్కన నిలబడి ఉంది. కొడుకు ఏమంటాడో ముందే తెలిసినట్టు పక్కకి తిరిగి గ్లాసులు తీస్తోంది. ఆ తిరగడం అతనికి తగిలింది. ఇన్నేళ్లలో తన మనుషులకి తన మీద మిగిలిన నమ్మకం ఎంతో అప్పుడు లెక్క తేలింది.

"మావయ్యా, ఆ గట్టుకి గండి ఎప్పుడు కొడతావు?"

దుర్గారాజు నవ్వు ఆగిపోయింది. "ఏంటి?"

"కాలువ నీదీ కాదు, నాదీ కాదు. అమ్మ అబద్ధం చెప్పలేదు, కుసుమ పొరపాటున రాయలేదు. ఎన్నికల్లోపు గండి కొట్టించు. నీకే మర్యాద."

"మేత వేరేచోట కొనుక్కోమంటున్నావా అల్లుడూ?"

"నీ ఇష్టం మావయ్యా. సరుకు బాగుంటే నా దగ్గరికొస్తావు."

దుర్గారాజు, "ఇంటిల్లిపాదికీ పిచ్చి పట్టింది," అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఎదురింటి అరుగు మీద వాళ్లంతా విన్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. కాలువ అలాగే ఉంది. ఊరు అలాగే ఉంది. వెంకట్రాజు మాత్రం లోపలికి వెళ్లలేదు. అరుగు మీద కూర్చుని ఫోన్ తీశాడు.

"కుసుమా."

"చెప్పండి. అత్తయ్యగారు వస్తానన్నారా?"

"రానంది. అన్నీ చెప్పింది. పొద్దున నిన్ను సిగ్గుండాలన్నాను. నెలరోజులుగా ఏమేమి అన్నానో. ఒక్కసారైనా నోరు జారలేదు నువ్వు."

కుసుమ అంది, "ఒట్టు వేశానండి. చాలాసార్లు నోటిదాకా వచ్చింది. మీరు ఇంట్లో మాట అంగడిలో పెట్టానన్నప్పుడు మాత్రం..." ఆమె మాట ఆగిపోయింది. ఏడుస్తోందని అతనికి అర్థమైంది. అతని కళ్లు కూడా నీళ్లతో నిండాయి. ఎదురింటివాళ్లు చూస్తున్నా తుడుచుకోలేదు.

"ఆ వ్యాసం ఉంచాలో తీయాలో వరదానానికి నువ్వే చెప్పు," అన్నాడు. "నన్నడగొద్దు. ఆ ఫోన్ నేను చేసి ఉండకూడదు."

"సరేనండి. భోంచేశారా?"

"అమ్మ పప్పు పెడుతోంది. ఇవాళ ఇక్కడే ఉంటాను. రేపు పొద్దున నువ్వూ సాయిప్రియా వచ్చెయ్యండి. నీ రాతపని కూడా తెచ్చుకో. నాలుగు రోజులు ఉందాం."

"దుకాణం?"

"గుమస్తా చూసుకుంటాడు. నువ్వు రా కుసుమా. ఊరంతా మాట్లాడకపోతే మానె. ఈ ఇంట్లో పొద్దస్తమానం మాటలు వినపడాలి."

లోపలి నుంచి పైడమ్మ పిలిచింది. "ఎవర్రా ఫోన్లో, కుసుమేనా? ఇటివ్వు. నాకు చాలా మాటలున్నాయి."