క్రిస్టల్ లేని గడియారం

వాచీలు బాగుచేసే ముసలాయన తన కుర్చీలోనే చచ్చిపడి ఉన్నాడు. మెడలో విషపు సూది. బిగించిన గుప్పిట్లో బియ్యపుగింజంత వెండి గొట్టం.

"అది క్రిస్టల్," అన్నాడు అత్తగారు ఫోన్‌లో. "గడియారం లెక్క తప్పకుండా చూసేది అదే. విదేశీ ముఠా ఆర్డరిచ్చింది. ముసలాయన సంగతి పసిగట్టి ఇవ్వనన్నాడు. ప్రాణం పోయినా ఇవ్వలేదు."

అత్తగారంటే బట్టతల, గుబురు మీసాల డిపార్ట్‌మెంట్ చీఫ్. ఎవరైనా దొంగచాటుగా విన్నా ఇంటి గొడవలనుకుని విసుగుపుట్టి పెట్టేస్తారని అక్కడ అందరికీ చుట్టరికాలే కోడ్ పేర్లు. మన ఏజెంట్ పేరు అల్లుడు. పెళ్లి కాలేదు.

"మిషన్ ఏంటి సర్?" అన్నాడు అల్లుడు, ఆ గొట్టాన్ని జేబులో వేసుకుంటూ.

"నీళ్ల శుద్ధి కేంద్రం. క్లోరిన్ వాల్వ్‌కి బుల్లి మైక్రోకంట్రోలర్ చిప్ ఒకటి తగిలించారు. నాలుగింటికి వాల్వ్ తెరుచుకుని విషవాయువు వదులుతుంది. లోపల నలభై మంది."

ఆ నలభై మందిలో ల్యాబ్ కెమిస్టు అల్లుడి సొంత అక్క.

"ఎవరు చెప్పారు?"

"వదిన."

వదిన ముఠాకి ప్రోగ్రాములు రాసిపెడుతూ, ఆ కబుర్లు డిపార్ట్‌మెంట్‌కి చేరవేసే డబుల్ ఏజెంట్. ఆవిడ చెప్పినవన్నీ నిజాలే. కాకపోతే ప్రతి నిజమూ ఒక రోజు ఆలస్యంగా వచ్చేది.

రెండూ ఇరవైకి అల్లుడు మీటర్ ఇన్‌స్పెక్టర్ వేషంలో పంపు గదిలో అడుగుపెట్టాడు. ఎర్ర జాకెట్, కొప్పులో ముత్యాల పిన్నుతో వదిన పెళ్లికొచ్చినట్టు నిలబడి ఉంది. మోటారు ఒంటికి అతికించి ఉన్న అగ్గిపెట్టెంత బోర్డు చూపించింది.

"పొద్దున ఎనిమిదింటికి పెట్టారు. ఎనిమిది గంటల లెక్క. చిప్ మొత్తం డీప్ స్లీప్‌లో ఉంటుంది, టైమర్ ఒక్కటే మేలుకుని లెక్కపెడుతుంది. అందుకే మీ డిటెక్టర్లకి దొరకలేదు."

"బ్యాటరీ లాగేస్తే?"

"బ్రౌన్-అవుట్ డిటెక్టర్ ఉంది. వోల్టేజీ పడిపోతోందని తెలియగానే, చచ్చేలోపు పని కానిచ్చేస్తుంది."

"అందర్నీ బయటికి పంపేస్తే?"

"గేటు దగ్గర మావాడున్నాడు. జనం కదిలితే సైరన్ కొడతాడు. సైరన్ వైరు చిప్ పిన్ ఒకదానికి కట్టి ఉంది. మోగిందంటే చిప్ ఉలిక్కిపడి లేచి వాల్వ్ తెరుస్తుంది."

"మీవాడా?"

"అలవాటులో వచ్చేసింది," నవ్వింది వదిన. "వాళ్లవాడు. మూడూ యాభై అయిదుకి చిప్ ఒక్క నిమిషం నిద్ర లేస్తుంది. అప్పుడే ఆపగలం. అంతదాకా ముట్టుకోకండి."

సైరన్ ఎప్పుడు మోగినా లేచే చిప్, మనం లేపితే మాత్రం లేవదా? అల్లుడికి ఆ మాట పంటి కింద రాయిలా తగిలింది. పైకి తలూపి, మీటర్లు చూసొస్తానని ల్యాబ్‌కి వెళ్లాడు.

"ఏంట్రా ఈ వేషం? మీసం ఊడుతోంది," అంది అక్క.

అతను గుసగుసగా అంతా చెప్పాడు. "నువ్వొక్కదానివి వెనక దారిన వెళ్లిపో అక్కా."

"మిగతా ముప్పై తొమ్మిది మందీ గాలికి పుట్టారా? ముందు ఇది చెప్పు. ఆ బోర్డు ఎక్కడ అతికించారన్నావు?"

"మోటారు మీద."

"యాభై అయిదు డిగ్రీలుంటుంది కదరా! మా చవక టైమర్‌లో క్రిస్టల్ లేదు. హాట్‌ప్లేట్ పక్కన పెడితే పరుగులు తీస్తుంది. దాన్ని నమ్మి మూడు శాంపిళ్లు తగలేశాను."

అల్లుడి చెయ్యి జేబులోని క్రిస్టల్ మీదకి పోయింది. ముసలాయన ఇవ్వని క్రిస్టల్!

అక్క అప్పటికే అరచేతిలో లెక్కేస్తోంది. "మా టైమర్ డిగ్రీకి అర శాతం ముందుకి పోతుంది. ఇదీ అలాంటిదే అయితే, గది వేడికి పైన ముప్పై డిగ్రీలకి పదిహేను శాతం. ఒరే, నాలుగు కాదు. రెండూ యాభై ఏడు!"

అప్పుడు టైము రెండూ నలభై ఎనిమిది.

అల్లుడు పంపు గదికి తిరిగొచ్చి, లోపల్నుంచి తాళం వేసి, తాళంచెవిని తలుపు కిందనుంచి బయటికి తోసేశాడు. తీరిగ్గా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఇంకా గంట పైనే ఉందిగా వదినగారూ. కూర్చోండి."

"నాకు మూడున్నరకి బయట పనుంది."

"మూడూ యాభై అయిదుకి ఆపుతానన్నారుగా?"

అల్లుడు క్రిస్టల్‌ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూపించాడు.

"ఇది మీకు అందలేదుగా. మరి టైమర్ దేనిమీద నడుస్తోంది?"

"చిప్ లోపలి గడియారం, ఆసిలేటర్ మీద. ఏసీ గదిలో పరీక్షించాను, సరిగ్గానే..."

"ఒకసారి మోటారు మీద చెయ్యి పెట్టండి."

పెట్టింది. చురుక్కుమంది. ప్రోగ్రాములు రాసే మనిషి, ఎక్కాలు చెప్పక్కర్లేదు. వాచీ చూసుకుంది. రెండూ యాభై అయిదు. ముఖంలో రంగు పోయింది.

"తలుపు తియ్యండి!"

"తాళంచెవి మా అక్క దగ్గరుంది. మూడింటికి తీస్తుంది."

వదిన తలుపుని రెండుసార్లు గుద్ది, గిర్రున వెనక్కి తిరిగింది. కొప్పులోంచి ముత్యాల పిన్ను పీకి, మోకాళ్ల మీద కూలబడి, బోర్డు అంచున టైమర్‌ని ఆపే రెండు పిన్నుల మీద అదిమింది. పిన్ను జారింది. మళ్లీ అదిమింది. ఆకుపచ్చ దీపం ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. వాల్వ్ కదల్లేదు. రెండూ యాభై ఆరు దాటి యాభై సెకన్లు.

"మూడూ యాభై అయిదుకే లేస్తుందన్నారు?" అన్నాడు అల్లుడు, చేతికి బేడీ వేస్తూ.

సరిగ్గా మూడింటికి తలుపు తెరుచుకుంది. గేటు దగ్గరివాణ్ణి అత్తగారి మనుషులు అప్పటికే జీపెక్కించారు. అక్క బోర్డుని వంగి చూసి, వదినని చూసి, ఊడిన తమ్ముడి మీసం చూసింది.

"పాపం, దాని తప్పేముందిరా?" అంది. "పొద్దున ఎనిమిదింటి నుంచి వేడి దగ్గర నిలబెడితే, ఎవరికైనా టైముకి ముందే ఓపిక పోతుంది."