రామాంజినమ్మ దొడ్డి కొళాయి

"మా మరిది నా నీళ్లు దొంగిలిస్తాండాడు. రుజువు పట్టియ్యమ్మా, నేను స్టేషన్‌కు పోతా."

హిందూపురంలో డిటెక్టివ్ చంద్రిక ఆఫీసుకు వచ్చిన రామాంజినమ్మ, కుర్చీలో సరిగ్గా కూర్చోకుండానే ఈ మాట అంది. కొళాయి కోసం డిటెక్టివా అని అసిస్టెంటు జోయల్ నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు.

మడకశిర దగ్గర పల్లె ఆవిడది. భర్త పోయి రెండేళ్లు. ఆధారమల్లా అరవై గొర్రెలు. వారం నుంచి దొడ్డి కొళాయి ధార సన్నబడి తొట్టి నిండటం లేదు, రెండు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. పక్కింట్లోనే మరిది అంజినప్ప. బోరు ఒకటే, ట్యాంకులు రెండు. అతని కొళాయి మాత్రం భేషుగ్గా వస్తోందట. ఇంకేం, దొంగ దొరికినట్టే అనుకున్నాడు జోయల్. మనవాడికి ఏ కేసులోనైనా మొదట పేరు వినిపించినవాడే దొంగ.

పల్లెకు వెళ్లగానే చంద్రిక కొళాయి కట్టేసి పది నిమిషాలు ఆగింది. తిప్పగానే నీళ్లు దబ్బున దూకి, అంతలోనే పురికొసంత సన్నబడ్డాయి. ఆ ధార కింద తెల్ల రుమాలు తడిపి మడిచి పెట్టుకుంది. తర్వాత నిచ్చెన వేసుకుని ఆవిడ ట్యాంకు చూసింది. అంచుదాకా నీళ్లు. మూత పక్కన కుంకుమ బొట్టు. పైకి ఎవరెక్కుతారని అడిగితే, తన మోకాళ్లు సహకరించవని, మొన్న శుక్రవారం మరిదే ఎక్కి కడిగాడని రామాంజినమ్మ విసురుగా చెప్పింది. దిగి వస్తూ చంద్రిక ఆవిడ గడప చూసింది. దానికి పసుపు లేదు.

అందరినీ కొళాయి దగ్గరికి పిలిచింది. అంజినప్ప చేతులు కట్టుకుని ఎడంగా నిలబడ్డాడు.

"నీళ్లు ఎవరన్నా లాక్కుంటే ట్యాంకు తగ్గాల. ఇది నిండుగా ఉండాది. కట్టినప్పుడు పైపు నిండి మొదట దూకుతాది, తర్వాత సన్నబడతాది. అంటే దొంగ లేడు, దారిలో అడ్డముండాది," అని చంద్రిక రుమాలు విప్పింది. మధ్యలో లేత పసుపు మరక.

జోయల్ వాల్వు కట్టి, కొళాయి కింది వంపు విప్పాడు. ఎర్ర గుడ్డలో చుట్టిన పసుపుకొమ్ము ఊరి, ఉబ్బి, అక్కడ ఇరుక్కుని ఉంది.

"ట్యాంకెక్కింది నువ్వే గదా, నువ్వే చెప్పన్నా," అంది చంద్రిక.

అంజినప్ప నేల చూశాడు. "మా అన్న పోయినప్పట్నుంచి వదిన పసుపు ముట్టదు. ఊర్లో బోర్లన్నీ ఎండిపోతాండాయి. పూజ లేకపోతే గంగమ్మ యాడ అలుగుతాదో అని, వదిన పేరు చెప్పి నేనే ట్యాంకులో ఏసినా. ఇట్లయితాదని తెల్దు."

జోయల్‌కు సిగ్గేసింది. వంపు బిగించి వాల్వు తిప్పాడు. నీళ్లు హోరున తొట్టిలో పడ్డాయి, గొర్రెలు తోసుకుంటూ వచ్చాయి.

రామాంజినమ్మ ఆ తడి కొమ్మును చేతిలోకి తీసుకుంది. వేళ్లకు పసుపు అంటుకున్నా వదల్లేదు. మరిది వైపు తిరిగింది.

"ఇంగోసారి ట్యాంకులో ఎయ్యొద్దప్పా. నాకియ్యి. గడపకు నేనే రాసుకుంటా."