కిటికీ వైపు తిరిగిన చెయ్యి

గ్లవ్ ఎదురు తిరుగుతుందని బ్యూలా ముందుగానే మణికట్టు బిగించుకుంది. ఎప్పుడూ ఇక్కడే పేచీ వస్తుంది. నల్లగుడ్డు అంచు దాకా రంగు వెయ్యడం అయ్యాక ఆమె కుంచె ఎత్తి, చేతిలోని పెట్టుడు కన్నుని కిటికీ వెలుగులో చూసుకోవాలనుకుంటుంది. గ్లవ్ మాత్రం ఆపొద్దు, కానియ్యి అన్నట్టు వేళ్లని ముందుకి తోస్తుంది. ఈసారి ఆ తోపు రాలేదు. కుంచె దానంతటదే లేచింది. ఎడమచెయ్యి మెత్తగా కిటికీ వైపు తిరిగింది. పోట్లాడడానికి సిద్ధమై వచ్చినవాడికి అవతలి మనిషి మంచినీళ్లిచ్చినట్టయింది ఆమెకి.

ఎదురు కుర్చీలో ఒక కంటికి పట్టీతో కూర్చున్న పాలిటెక్నిక్ లెక్చరర్ గారు అడిగారు. "ఏమ్మా, పైడిరాజు గారి చేతులు బాగా పనిచేస్తున్నాయా?"

"బాగా పనిచేస్తున్నాయి సార్."

ఆ మాట అనీ అనీ బ్యూలాకి నోటికొచ్చేసింది. ఆమె చేతుల గురించి అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

ఇక్కడ ఆ గ్లవ్స్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. విశాఖపట్నంలో ఒక కంటి ఆసుపత్రి పై అంతస్తులో కృత్రిమ కళ్ల వర్క్‌షాప్ ఉంది. జబ్బు చేసో, దెబ్బ తగిలో కన్ను తీసేయాల్సి వచ్చినవాళ్లకి అక్కడ యాక్రిలిక్‌తో కన్ను చేసి పెడతారు. ఆ కంటితో ఏమీ కనిపించదు. కాకపోతే అది ఉంటే మనిషి తలెత్తుకుని బస్సెక్కగలడు. గుడ్డు ఆకారం త్రీడీ ప్రింటర్ చేసిపెడుతుంది. నల్లగుడ్డులో రంగులు మాత్రం ఏ ప్రింటర్‌కీ లొంగలేదు. ప్రింటర్ వేసిన కన్ను ఫోటోలో ముచ్చటగా ఉండేది, ముఖం మీద పెడితే గుడ్లప్పగించి చూస్తున్నట్టుండేది. అదే పైడిరాజు గారు కుంచెతో వేస్తే, ఏది సొంత కన్నో ఏది పెట్టుడు కన్నో కట్టుకున్న భార్య కూడా ఓ క్షణం తడుముకునేది.

అలాంటి మనిషికి పార్కిన్సన్స్ వస్తోందని తెలిసింది. వణుకు ఇంకా వేళ్లదాకా రాకముందే, ఆసుపత్రి పరిశోధన విభాగంలో పనిచేసే డాక్టర్ సుమేధ ఆయన చేతులకి సెన్సర్ల గ్లవ్స్ తొడిగింది. కన్ను వేస్తున్నంతసేపూ ఏ కండరం ఎప్పుడు బిగిసిందో, ఏ వేలు ఎంత నొక్కిందో అంతా అందులో రికార్డయ్యేది. ఆయన మానేశాక అవే గ్లవ్స్ ఇంకొకరు తొడుక్కుంటే, సన్నని కరెంటు తాకిడితో అవి కండరాలని అదే దారిలో నడిపిస్తాయి. బలవంతమేమీ ఉండదు. పలక మీద పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని దిద్దించినట్టుంటుంది.

సుమేధ అందులో ఇంకో ఏర్పాటు కూడా చేసింది. కన్ను పెట్టించుకున్న మనిషి అద్దంలో చూసుకుని, నచ్చితే "బాగుంది" అన్న బటన్ నొక్కాలి. నొక్కితే ఆ కన్ను వేసిన తీరు కూడా గ్లవ్స్‌లోకి కొత్త పాఠంగా వెళ్లి చేరుతుంది. మనిషి అనుభవంతో ఎదిగినట్టే చెయ్యీ ఎదగాలని ఆవిడ ఆశ. మంచి ఆశే. దాని పర్యవసానం గురించి మాత్రం అప్పుడు ఎవరూ ఆలోచించలేదు.

ఆసుపత్రిలో అందరూ వాటిని పైడిరాజు గారి చేతులనే పిలిచేవాళ్లు. బ్యూలా ఉద్యోగం పేరు గ్లవ్ ఆపరేటర్. తయారైన ప్రతి కన్నూ చిన్న పెట్టెలో, "చేసినవారు: పైడిరాజు" అని అచ్చువేసిన కార్డుతో వెళ్లేది. "ఆ గ్లవ్స్ తొడిగితే మా డ్రైవర్ కూడా వేసేస్తాడండీ" అని డైరెక్టర్ గారు విజిటర్లతో గొప్పగా చెబుతుంటే, పక్కనే కుంచెలు కడుక్కుంటున్న బ్యూలా మనసు చివుక్కుమనేది. అంతలోనే భయం కూడా వేసేది. ఆయనన్నది నిజమేనేమో! గ్లవ్స్ విప్పేస్తే తన చేతుల్లో అసలేమైనా ఉందా?

ఆమెకో రహస్యం ఉంది. పైడిరాజు గారి పద్ధతిలో కుంచె పెడితే పని అయ్యేదాకా ఎత్తకూడదు. కిటికీ మూసి, ట్యూబ్‌లైట్ కింద ఒక్క ఊపున వేసెయ్యాలి. బ్యూలా అలా ఉండలేకపోయేది. మధ్యలో ఆగేది. కిటికీ రెక్క తీసేది. ఎదుటి మనిషిని ఏదో ఒకటి అడిగి నవ్వించి, నవ్వుతున్నప్పుడు ఆ ఉన్న కన్ను ఎండలో ఏ రంగులో మెరుస్తోందో చూసుకుని, అప్పుడు మళ్లీ కుంచె పట్టేది. అలా చేసిన ప్రతిసారీ గ్లవ్ ఒకవైపు లాగేది, ఆమె ఇంకోవైపు లాగేది. పెద్దాయన చేతికి ఎదురు తిరుగుతున్నానన్న బెంగతో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈమధ్య ఆ పెనుగులాట తగ్గుతూ వచ్చి, ఇవాళ పూర్తిగా పోయింది. చివరికి తనే లొంగిపోయినట్టుందని అనుకుని ఊరుకుంది.

ఆదివారం చర్చి అయ్యాక కంచరపాలెం వెళ్లి పైడిరాజు గారిని చూసి రావడం ఆమెకి అలవాటు. ఆయన భార్య గ్లాసులో సగానికే టీ పోసి ఇచ్చేది, నిండుగా పోస్తే తొణికిపోతుందని. ఆ సగం టీ కూడా రెండు చేతులతో పట్టుకుని, హాస్టల్లో ఉన్న పిల్లల గురించి అడిగినట్టు అడిగేవారాయన.

"నా సేతులు ఎలగున్నాయమ్మా? ఈ వారం ఏటి సేసేయి?"

బ్యూలా ప్రతి కన్ను గురించీ పూసగుచ్చినట్టు చెప్పేది. గాజువాక పిల్లకి పిల్లికళ్లు, రిటైరైన జడ్జి గారికి వయసుతో వచ్చిన బూడిదరంగు అంచు. వింటూంటే ఆయన ముఖం వెలిగిపోయేది.

"మనిషి కూలబడిపోయినా సెయ్యి తిరుగుతానే ఉంది సూడు. ఇంతకన్నా ఏటి కావాల?" అనేవారు.

ఆ మాట విన్నాక గ్లవ్‌తో తన గొడవ గురించి చెప్పడానికి ఆమెకి నోరెలా వస్తుంది?

ఇలా ఉండగా, గ్లవ్స్‌కి కాపీలు తీసి అన్ని బ్రాంచీలకీ పంపాలని ఆసుపత్రి నిర్ణయించింది. దానికో సభ. సభలో పైడిరాజు గారే స్వయంగా ఆ గ్లవ్స్ తొడుక్కుని ఒక కన్ను వెయ్యాలి. ఆ కాపీలు బ్యూలా తొడుక్కున్నా ఇంకెవరు తొడుక్కున్నా ఇక ఒకటేనన్నమాట. అది తెలిసిన రోజు బ్యూలా ధైర్యం చేసి సుమేధ గదికి వెళ్లింది.

"మేడమ్, నన్ను ఒక్కసారి గ్లవ్స్ లేకుండా వెయ్యనిస్తారా? నా పేరు మీద."

"ఇప్పుడు దేనికి బ్యూలా?"

"నాకంటూ ఒక చెయ్యి ఉందో లేదో తెలీడం లేదు మేడమ్. ఇన్నాళ్లు పనిచేసి, అది తెలీకుండానే పోతానేమోనని భయంగా ఉంది."

ఆలోచిస్తానని పంపేసింది సుమేధ. కానీ సభకి ముందురోజు తనే కబురు పెట్టింది. గదిలో స్క్రీన్ మీద నీలం గీతలూ, పసుపు గీతలూ కలగలిసి ఉన్నాయి. నీలం అక్కడక్కడా దారప్పోగుల్లా కనిపిస్తోంది. తక్కినదంతా పసుపే.

"కాపీ తీసేముందు పరీక్ష చేశాను. నీలం పైడిరాజు గారిది" అంది సుమేధ.

"మరి ఈ పసుపంతా ఎవరిది మేడమ్?"

"నీది."

బ్యూలాకి అర్థం కాలేదు. సుమేధ ఓపిగ్గా చెప్పింది. "నువ్వు గ్లవ్‌ని కాదని నీ దారిన వేసిన ప్రతిసారీ, అవతలి మనిషి అద్దంలో చూసుకుని 'బాగుంది' నొక్కారు. గ్లవ్ అది నేర్చుకుంది. నేర్చుకుంటూ పాతది మర్చిపోయింది. గొడవ ఎందుకు తగ్గిందనుకున్నావు? నువ్వు లొంగలేదు, అదే నీకు లొంగింది. జనం పైడిరాజు గారి పేరు చెప్పి వెతుక్కుంటూ వస్తున్నది ఇప్పుడు నీ చేతుల కోసం. రేపు స్టేజి మీద ఈ మాటే చెబుతాను."

బ్యూలాకి ఒళ్లంతా పులకరించింది. ఆ సంతోషం అబద్ధమని చెప్పడానికి లేదు. కానీ దాని వెనకే సగం టీ గ్లాసు కళ్లముందు మెదిలింది.

"వద్దు మేడమ్."

"నువ్వు అడిగిందే కదా ఇది!"

"మాస్టారు ప్రతి వారం నన్ను అడిగేది ఆ చేతుల గురించే. ఆయనకి మిగిలింది అదొక్కటే. అది కూడా నేను లాక్కున్నానని చెప్పమంటారా? నాకే పేరూ వద్దు."

"రేపు ఆయనే తొడుక్కుంటారు కదమ్మా. ఆయనకే తెలిసిపోదా?"

"మానేసి చాలాకాలమైంది. తెలీకపోవచ్చు" అంది బ్యూలా. ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేదు.

సభ కింది అంతస్తులోని ఏసీ హాల్లో పెట్టారు. కన్ను పెట్టించుకోవడానికి వచ్చినావిడ నూకరత్నం, ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్ముతుంది. ఐసుగడ్డ పగలగొడుతుంటే ముక్క ఎగిరొచ్చి కంట్లో గుచ్చుకుంది. కుర్చీలో కూర్చుంటూనే, "బాబూ, నల్లగా యేసీకండి. మా ఆయన నాయి తేనెరంగు కళ్లు అంటాడు" అని ముందే చెప్పేసింది. హాలంతా నవ్వింది.

సుమేధ గ్లవ్స్ తొడిగింది. పైడిరాజు గారి చేతుల వణుకు ఎవరో మందలించినట్టు టక్కున ఆగిపోయింది. ఆయన రెండు చేతులూ పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే, ముందు వరుసలో ఉన్న ఆయన భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కుంచె పట్టి పని మొదలుపెట్టారు. మొదటి గీతలు చకచకా పడ్డాయి. బ్యూలా గుండె కాస్త కుదుటపడింది.

అంతలో కుంచె లేచింది.

ఆయన ఎత్తలేదు, అదే లేచింది. ఎడమచెయ్యి మెత్తగా పక్కకి తిరిగి, కన్నుని అక్కడున్న గోడకి చూపిస్తూ ఆగిపోయింది. సున్నం వేసిన తెల్లగోడ. అక్కడేమీ లేదు. పైడిరాజు గారు ఆ గోడని చూశారు, తన చేతిని చూశారు. తర్వాత తలతిప్పి బ్యూలాని చూశారు.

"ఈ గోడకాడ ఏటుందమ్మా?" అన్నారు నెమ్మదిగా.

"ఏం లేదు మాస్టారూ."

"పైన వర్క్‌షాపులోన, ఇటేపు ఏటుంటాది?"

"కిటికీ" అంది బ్యూలా.

"నాను పనిసేసినన్నాళ్లూ ఆ కిటికీ మూసే ఉంచేను. ఎండ తగిల్తే రంగు ఇంకోలాగ కనిపిస్తాదని."

"మనుషులు తిరిగేది ఎండలోనే కదా మాస్టారూ!"

అనేసింది. ఆమెని ఆపుకోనివ్వకుండా వచ్చేసింది ఆ మాట. పైడిరాజు గారు వణకని ఆ చేతులకేసి, ఊరికి వెళ్లిపోతున్నవాళ్లకేసి చూసినట్టు చూస్తూ ఉండిపోయారు.

"అయితే నాయి పోనాయన్నమాట" అన్నారు.

"పోలేదు మాస్టారూ!" బ్యూలాకి ఏడుపు ఆగలేదు. "మొదటి గీతలన్నీ మీవే. నాకు చెయ్యి పట్టి దిద్దించినవి అవే. ఆ తర్వాత నేనే మొండితనంగా... నన్ను క్షమించండి."

ఆయన జవాబు చెప్పేలోపే నూకరత్నం కల్పించుకుంది. "బాబూ, నా కన్ను సగంలోన ఆపీసి మీరిద్దరూ ఏడిస్తే ఎలగ?"

పైడిరాజు గారు పక్కున నవ్వేశారు. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు జారాయి. కన్నూ కుంచే పట్టుకుని లేచారు. "రా రత్నమ్మా, ఎండలోకి పోదాం. నీ తేనెరంగు ఏటో సూస్తాను" అన్నారు. సభ సభంతా కుర్చీలు వదిలేసి వాళ్ల వెనకాల పోర్టికోలోకి నడిచింది. డైరెక్టర్ గారు మైకు పట్టుకుని హాల్లో ఒక్కరే మిగిలారు.

బయట కూర్చుని ఆయన ఆ చేతులు ఎటు తీసుకెళ్తే అటు వెళ్లారు. ఎదురు తిరగలేదు. మధ్యలో ఒకసారి "ఓహో, అలగా!" అని తనలో తనే అనుకోవడం బ్యూలా వింది. పై పూత పెట్టి, మెరుగు పట్టి తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. నూకరత్నం కన్ను పెట్టుకుని అద్దం ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుంది. "మా ఆయన్ని ఏది కొత్తదో సెప్పమంటాను. సెప్పలేపోతే ఈ పూట అన్నం లేదు" అంటూ బటన్ నొక్కింది.

అచ్చువేసిన కార్డు తెచ్చి ఇచ్చారు. పైడిరాజు గారు అది పక్కన పెట్టి, ఏమీ రాయని కార్డొకటి అడిగారు. అడిగి గ్లవ్స్ విప్పేశారు. విప్పగానే చేతులు మళ్లీ వణకడం మొదలుపెట్టాయి. పెన్ను పట్టడానికే ఆయన అవస్థ పడుతుంటే బ్యూలా చెయ్యి చాచింది.

"నేను రాస్తాను మాస్టారూ."

"నువ్వుండు. ఆదివారం వొచ్చి, నీ సేతులు ఎలగున్నాయో సెప్పు సాలు."

ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతూ రాశారు. "చేసినవారు: బ్యూలా."

బ్యూలా పేరుతో ఆ ఆసుపత్రి నుంచి వెళ్లిన మొదటి కన్ను అది. దాని మీద ఆమె కుంచె కూడా పెట్టలేదు. అది వేసిన పైడిరాజు గారికి, ఆ పెట్టెలో సొంత చేతి పని అంటూ ఉన్నది ఆ వంకరటింకర అక్షరాలు మాత్రమే.