చిన్న సున్నాకు కాపలా

ఫోన్ మోగేసరికి ఏజెంట్ మెహమూదా ఓ అక్షరం కింద సున్నా పెడుతోంది.

శ్రీనగర్‌లో, జీలం నది ఒడ్డున, అబ్దుల్ అహద్ సాబ్ ప్రెస్సులో ఫాంటులు దిద్దడం ఆమె పైకి కనిపించే ఉద్యోగం. కశ్మీరీకి ఉర్దూ ఫాంటు తొడిగితే అక్షరం నెత్తిన గీత పక్కకు జారుతుంది, కాళ్ల కింద సున్నా మాయమవుతుంది, ఒక్కోచోట అక్షరమే పోయి ఖాళీ డబ్బా మిగులుతుంది. ఆ తప్పులు దిద్దే మారువేషం కొన్నాళ్లేనన్నారు. వేషం కింద జుట్టు నెరిసిపోయింది.

"శాలువా ఏ రంగు?" అంది ఫోన్.

"వెలిసిపోయింది."

"కోడ్ సరిగ్గా చెప్పు."

"కుంకుమ రంగు సర్. చెప్పండి."

చీఫ్ గొంతు తగ్గించాడు. "ఇవాళ మూడింటికి అహద్ మీ ఫాంటు విడుదల చేస్తున్నాడు. లోయలో ప్రతి బడి కంప్యూటర్లోకీ వెళ్తుంది. ఓ విదేశీ ముఠా దానికి నకలు తీసి, లోపల దొంగ ప్రోగ్రామ్ దాచింది. ఆలోగా ఒక్క సిగ్నల్ అందితే అసలు ఫైలు స్థానంలో నకలు కూర్చుంటుంది."

"సిగ్నల్ ఇచ్చేదెవరు?"

"నిఘత్."

"మనమ్మాయే కదా సర్?"

"వాళ్లమ్మాయి కూడా. ఆమె ఫోన్ కుడి బొటనవేలి ముద్రకే తెరుచుకుంటుంది. మూడుసార్లు ముద్ర తప్పితే మొత్తం చెరిగిపోతుంది. ముందే పట్టుకుంటే ముఠా ఇంకో దారి వెతుక్కుంటుంది. మూడింటిదాకా నువ్వు ఆపలేకపోతే మీ ఫాంటునే నిషేధిస్తాం."

"ఇన్నేళ్ల పని సర్."

"ఉర్దూది ఉందిగా? చూట్టానికి రెండూ ఒకటే."

కోప్పడే ఓపిక లేక మెహమూదా ఫోన్ పెట్టేసి, పెళ్లికి బట్టలు మార్చుకుంది.

పెళ్లి అహద్ సాబ్ కూతురిదే. విడుదల కూడా ఆ పందిట్లోనే. ఒంటిగంట భోజనం రెండు దాటాక వచ్చింది. ఆడవాళ్ల డేరాలో నలుగురికో పెద్ద పళ్లెం. మెహమూదా వెళ్లి నిఘత్ పళ్లెం దగ్గరే కూర్చుంది. ఎదురుగా అహద్ సాబ్ అక్క జూనా దేద్, పక్కన ఆవిడ మాటకల్లా తలాడించే కోడలు.

నిఘత్ దుబాయ్ నుంచి తెచ్చుకున్న పట్టు దుపట్టాలో మెరిసిపోతోంది. చేతిగడియారం మాటిమాటికీ చూసుకుంటోంది.

"తినవే పిల్లా!" అంది జూనా దేద్. "దుబాయ్‌లో నిన్ను ఎండలో ఆరేశారా ఏంటి?"

"నా వాటా కూడా నువ్వే తిను," మెహమూదా ఎర్రటి పులుసులో తేలుతున్న మాంసం ఉండల్ని నిఘత్ వైపు నెట్టింది. "నాకు కడుపులో మంట." అది మాత్రం పచ్చి నిజం.

మూడు కావస్తోంది. నిఘత్ లేవబోయింది. "ఒక్క ఫోన్ చేసుకొస్తా, దేద్."

"కూర్చో! ముగ్గురం తింటుంటే పళ్లెం వదిలి లేస్తావా? మీ అమ్మ నేర్పింది ఇదేనా?"

చుట్టుపక్కల పళ్లేలన్నీ ఇటు తిరిగాయి. నిఘత్ కూర్చుండిపోయింది. ముఠా ఆమెకు తాళాలు తీయడం నేర్పింది, తుపాకీ విప్పడం నేర్పింది. జూనా దేద్‌ను దాటడం ఎవరూ నేర్పలేదు.

ఆమె కళ్లు టిష్యూల కోసం వెతికాయి. ఆ డబ్బా ఎప్పుడో మెహమూదా పొడుగాటి ఫెరన్ అంగీ కిందికి చేరింది. పొదిగే కోడిలా ఆమె దానిమీదే కూర్చుంది. చేతులు కడిగించే చెంబు ఇటు రాగానే మెహమూదా గట్టిగా అంది: "ముందు పెళ్లికొడుకు వాళ్లకి!" ఆ మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఏ పెళ్లిలోనూ ఉండరు. చెంబు వెళ్లిపోయింది.

నిఘత్ ఎడమచేత్తో ఫోన్ తీసింది. బొటనవేలు దుపట్టాకు తుడిచి నొక్కింది. పట్టుకు పులుసు జిడ్డు వదల్లేదు. తివాచీకి రుద్ది మళ్లీ నొక్కింది. లేదు.

బయట మైకులో అహద్ సాబ్ గొంతు: "బిస్మిల్లా!"

నిఘత్ చటుక్కున మెహమూదా తెల్ల ఫెరన్ అంచు లాగి, వేలు గట్టిగా అదిమి తుడిచి, మూడోసారి నొక్కింది.

తెర తెల్లబడి, ఆపైన నల్లబడింది.

"అయ్యో, చార్జింగ్ అయిపోయిందా?" అంది జూనా దేద్.

నిఘత్ మెహమూదా వైపు తిరిగింది. "నీకు ముందే తెలుసా?" అంది మెల్లగా.

"విందు చివర్లో వడ్డించే గుష్తాబా ఇంకా రాలేదని తెలుసు. అది తిను. బయట నీకోసం ఆగిన జీపు ఎక్కడికీ పోదు."

పందిట్లో పెద్ద తెర మీద, ఆడవాళ్లు పాడుతున్న పెళ్లిపాట మొదటి చరణం పడింది. గీతలు నెత్తినే నిలిచాయి. చిన్న సున్నా తన అక్షరం కిందే, ఎన్నాళ్లనుంచో అక్కడే ఉన్నట్టు కూర్చుంది. మెహమూదా దాన్ని చూస్తూ ఎంగిలి చెయ్యి ఎండేదాకా అలాగే ఉండిపోయింది.

సాయంత్రం చీఫ్ ఫోన్. "ఆమె ఫోన్లో ఏమీ మిగల్లేదు. కోర్టులో ఏం చూపించాలి? ఒక్క ఆధారమైనా లేదా?"

మెహమూదా బకెట్లో ముంచబోయిన ఫెరన్ పైకి తీసి చూసింది.

"ఉంది సర్. బొటనవేలి ముద్ర, ఎర్ర పులుసుతో సహా. నేను సబ్బు పెట్టకముందే ఎవరినైనా పంపండి."