చర్చి కప్పులో ఆఖరి కన్నం

ప్రవీణ నాతో అన్న మొదటి మాట, "అన్నా, ఆ డ్రిల్లు కింద పెట్టు."

మొయినాబాద్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు, ఫామ్‌హౌస్‌లకు పావురాలు రాకుండా వలలు కట్టేవాణ్ని నేను. సురంగల్ దగ్గరి నూరేళ్ల రాతి చర్చి కప్పులోకి ఉడతలు దూరి టేకు దూలాలు, వైర్లు కొరుకుతున్నాయని సంఘం పెద్దలు నన్ను పిలిచారు. పాత కట్టడాల మరమ్మతు చదువుకున్న చేవెళ్ల అమ్మాయిని కూడా పిలిచారని నాకెవరూ చెప్పలేదు.

రాయికి డ్రిల్లు తగలొద్దట. సిమెంటు ముట్టొద్దట. కన్నాలన్నీ సన్న జాలీ పెట్టి, సున్నంతోనే మూయాలట.

"రాయికి నొప్పి పుడతదా మేడమ్?" అన్నాను.

"నీ తలకాయకు పుడతదేమో, జర చూద్దామా?" అంది.

అక్కడే నా పని అయిపోయింది.

ఆమె పద్ధతి ఒకటుంది. ముందు కన్నంలో నలిపిన కాయితం కుక్కాలి. మూడు రోజులు కదలకపోతే లోపల ఏమీ లేనట్టు, అప్పుడు మూయాలి. కదిలితే ఆగాలి, లోపల పిల్లలుండొచ్చు. రోజూ పొద్దున చేవెళ్ల బస్సు దిగి తను నిచ్చెన ఎక్కేది, నేను పట్టుకునేవాణ్ని. ఉడతలను చూస్తున్నానని చెప్పి ఆమెనే చూసేవాణ్ని. ఆమెకూ తెలుసు. మూడో వారంలో ఒకరోజు వాన పట్టుకుంటే వరండాలో గంటసేపు నిలబడ్డాం. ఆ గంటలోనే 'అన్న' పోయి 'సుకుమార్' వచ్చింది. ఆ తర్వాత వాళ్లమ్మ సరోజమ్మ నాకోసం విడిగా సర్వపిండి కట్టి పంపడం మొదలైంది.

కోత పండుగ దగ్గర పడింది. ఊరివాళ్లు తొలి పంట వడ్లు, పల్లీలు బస్తాలతో తెచ్చి చర్చిలో పెడతారు. ఆ లోపు అన్ని కన్నాలూ మూసెయ్యమన్నారు పెద్దలు. వేదిక పైనున్న ఒక్కటే మిగిలింది. ప్రవీణ పని మీద సిటీకి వెళ్లింది.

గురువారం కాయితం కింద పడి ఉంది. గాలికి పడిందనుకుని మళ్లీ కుక్కాను. శుక్రవారం మళ్లీ పడింది. ఈసారి గాలి కాదని తెలుసు. అయినా జాలీ బిగించేశాను. పండుగ రోజు పూర్తయిన పని ఆమెకు చూపించి, నా మనసులో మాట చెప్పాలని ఆత్రం.

రాత్రి ఫోన్లో కాయితం కదలలేదన్నాను.

"నిజమేనా?" అని ఒక్కసారి అడిగింది.

నిజమే అన్నాను.

ఆదివారం అయ్యగారు ప్రార్థన చేస్తున్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. బయట గోడ మీద ఒక ఉడత ఆగకుండా అరుస్తోంది. నేను కళ్లు తెరిచేసరికి ప్రవీణ కన్నం వైపే చూస్తోంది.

ఆరాధన కాగానే నిచ్చెన తనే వేసుకుని జాలీ పీకేసింది. లోపల మూడు పిల్లలు. ఒకటే కదులుతోంది. తల్లి కిటికీలోంచి వచ్చి దాన్ని నోట కరుచుకుని పోయింది.

"కాయితం కదిలిందా?" అని అడిగింది, దిగి.

"రెండుసార్లు."

ఆమె గొంతు పెంచలేదు. "తప్పెవరైనా చేస్తరు సుకుమార్. నిజమేనా అని అడిగిన గద నిన్ను."

పీకిన జాలీ నా చేతిలో పెట్టింది.

"పొద్దున్నే అమ్మకు చెప్పిన, నువ్వంటే నాకు ఇష్టమని. ఇప్పుడు పోయి ఏం చెప్పాలె?"

నెల రోజులుగా వినాలనుకున్న మాట అలా విన్నాను. నేనే చెప్తానన్నాను.

సరోజమ్మ వడ్ల బస్తాల దగ్గర నిలబడి, అల్లుణ్ని చూసినట్టే నన్ను చూసి నవ్వింది. ఏదీ దాచకుండా మొత్తం చెప్పాను.

"గీ నిజం దానికి మొన్ననే చెప్తే అయిపోతుండె గద బిడ్డా," అంది.

ఆ ఆఖరి కన్నం ప్రవీణ ఇంకో మేస్త్రీతో మూయించింది. ఆమె అంటే నాకెంత ఇష్టమో మాత్రం ఇంతవరకూ ఆమెకు చెప్పలేదు. చెప్తే మళ్లీ 'నిజమేనా' అని అడుగుతుందేమోనని భయం.